మంచుకి కుప్ప చేసిన ఇంజను

ఆ ఇంజను విప్పింది ఎవరో, బిగించింది మాత్రం నేను. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను. మా ఊళ్ళో ఇప్పటికీ సగం మంది నమ్మరు. నమ్మకపోతే పోనీ, వాళ్ళ నమ్మకంతో బండి నడవట్లేదు.

మా ఆయన కారు డ్రైవరు. తెల్ల అంబాసిడరు, డీజిలు బండి. పొదిలి స్టాండులో పెట్టుకుని పెళ్ళిళ్ళకీ, కాన్పులకీ, గుంటూరు యార్డుకి మిరపకాయ అమ్ముకోటానికి పోయే రైతులకీ తిప్పేవాడు. దారిలో బండి ఆగితే ఎవరి కోసమూ ఎదురుచూసేవాడు కాదు. చొక్కా విప్పి సీటు మీద పడేసి, తనే బానెట్టు లేపేవాడు. అవసరమైతే ఇంజను మొత్తం మా వాకిట్లోనే విప్పి, మళ్ళీ తనే బిగించుకునేవాడు. అప్పట్లో నేను అటువైపు పోతే, చీర కుచ్చిళ్ళకి గ్రీజు అంటుద్ది, అవతలకి పో అనేవాడు.

కొన్నేళ్ళ కిందట ఆయన చేతులు వణకటం మొదలుపెట్టాయి. నరాల జబ్బు అన్నాడు డాక్టరు. మందు మింగుతున్నాడు గానీ, టీ గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా మీద ఉంటది. దాని వెనకాలే కాస్త మతిమరుపు వచ్చింది. మరీ పెద్దదేం కాదు. పాలు పోయించుకున్నామా అని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అడిగేవాడు, అంతే. అసలు జబ్బు అది కాదు. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయింది. మా ఇంటి ముందు ఎవరన్నా బండి ఆపి ఫలానా ఊరికి అడ్డదారి ఎటు పెద్దాయనా అని అడిగితే, నాకెందుకులే, లోపల పిల్లోడున్నాడు వాణ్ణి అడగండి అనేవాడు. ఈ తాలూకాలో ఆయన టైరు పడని డొంక లేదు. అట్లాంటి మనిషి అనే మాటా అది?

కారు పొగ కక్కుతుంటే, టౌను నుంచి ఒక మెకానిక్కు వచ్చి ఇంజను దింపి విప్పాడు. రింగులు పోయాయన్నాడు. పిస్టన్లు ఆడే పెద్ద దిమ్మని గుంటూరులో లేతు షాపుకి పంపి సాపు చేయించి, కొత్త రింగులూ సామానూ తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత అతనికి తాడేపల్లి వైపు పెద్ద వర్క్‌షాపులో పని దొరికింది. ఇదిగో వస్తా, అదిగో వస్తా అన్నాడు, ఆఖరికి ఫోను ఎత్తటం మానేశాడు. ఇంజను మా రేకుల షెడ్డులో ముక్కలు ముక్కలుగా, గోతాల్లోనూ తొట్టిలోనూ పడి ఉంది. ముక్కు లేని మనిషిలాగా కారు దాని పక్కనే.

నా కొడుకు చెడ్డవాడు కాదు. వ్యవసాయం వాడిదే. కౌలుకి కూడా తీసుకుని మిరప, పత్తి వేస్తాడు. ఆ ఏడు పత్తి షెడ్డు పట్టక సగం వరండాలో పోశాం. వాడొక పొద్దున వాళ్ళ నాన్నతో, నాన్నా, కారు పాత ఇనప కొట్టుకి వేసేద్దాం, ఎట్లాగూ నడిచేది లేదు, షెడ్డు ఖాళీ అవుద్ది అన్నాడు. మెల్లగానే అన్నాడు. నేను పొయ్యి దగ్గర నుంచి చెవి పెట్టి విన్నాను. ఈయన లేచి అరుస్తాడనుకున్నాను. ఆ కారు కడగటానికి కూడా ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాడు కాదు మరి.

ఈయన "నీ ఇష్టంరా" అన్నాడు.

అంతే. నీ ఇష్టం. ఆ రెండు మాటలకి నాకు ఒళ్ళు మండిపోయింది. కారు పోతే పోయింది, ఇనుమే కదా. కానీ దాంతోపాటు ఈయన కూడా నేను ఇనుమే అనుకుని మంచమెక్కేస్తాడు. అది నాకు తెలుసు. ఇన్నేళ్ళు కాపురం చేశాను.

గరిట పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. మన కాయ గుంటూరు యార్డుకి పోయిందాకా ఆగరా అన్నాను. ఈలోపు ఇంజను మోగితే కారు ఉంటది. మోగకపోతే నేనే ఇనప కొట్టువాణ్ణి పిలుస్తాను. వాడు నవ్వి, ఎవరు బిగిస్తారమ్మా అన్నాడు.

"మీ నాన్న బుర్ర, నా చేతులు."

వాడు వాళ్ళ నాన్న వైపు చూశాడు. ఈయన నన్ను ఎగాదిగా చూసి, "దీనికి పానా ఏ పక్క పట్టుకోవాలో కూడా తెలవదురా" అన్నాడు. ఎన్నాళ్ళకో నన్ను ఒక మాట అన్నాడు. అప్పుడే సగం గెలిచాననుకున్నాను.

నా చేతుల గురించి చెప్పాలి. నేను మిరప కోతలకి ముఠా మేస్త్రిని. ఆడకూలీలని తీసుకుపోయి కోయించటం, కల్లంలో ఆరబెట్టించటం, రంగు పోయిన తాలుకాయ ఏరించటం నా పని. కాయ తొడిమ తెగకుండా ఎట్లా కోయాలో, పత్తి గుల్లలోంచి ఆకు ముక్క రాకుండా ఎట్లా లాగాలో నా వేళ్ళకి తెలుసు. ఇక అక్షరాలంటారా, అవి నలభై దాటాక వచ్చాయి. మా చర్చి వరండాలో సాయంత్రం పూట ఒక టీచరమ్మ మా ఆడోళ్ళని కూర్చోబెట్టి నేర్పేది. నా కూతురు వయసు పిల్ల. నేను తప్పు రాస్తే, తుడిచి మళ్ళీ రాయండమ్మా అనేది, ఒక్కరోజు కూడా విసుక్కోలా. అప్పుడు నేర్చుకున్న అంకెలు బస్సు నంబర్లు చదువుకోటానికి పనికొస్తే చాలనుకున్నాను. ఇంజనులో కూడా అంకెలు ఉంటాయని ఎవరికి తెలుసు?

కల్లంలో కాయ ఎర్రగా పరిచి ఉంది. దాని పక్కనే ఇంకో పట్టా పరిచి పని మొదలుపెట్టాం. ఈయన కుర్చీలో, నేను కింద. మెకానిక్కు ఒక్కో పిస్టనుకి సంబంధించిన సామాను తీగతో కట్టి గోతంలో వేశాడు. ఆ కట్టలు విప్పి, డీజిల్లో కడిగి, ఏ కట్టది ఆ కట్టగా పట్టా మీద వరసగా పెట్టమన్నాడు ఈయన. పెట్టాను. పిస్టన్లు, రాడ్లు, వాటి కింద బిగించే క్యాపులు, వాల్వుల్ని తోసే పుల్లలు, నట్లు, బోల్టులు. ఒక వరస తప్పలేదు. ఎండలో మెరుస్తుంటే చూడముచ్చటగా ఉంది. అటు వచ్చిన కూలీలు నిలబడి, ఏందక్కా ఇనప కాయ ఆరబోశావా అని నవ్వి పోయారు.

మర్నాడు పొద్దున ఈయన అరుపుకి నిద్ర లేచాను.

"ఏమే! ఏంది ఇది?"

చూద్దును గదా, ఇంజను మొత్తం పట్టా మధ్యలో కుప్పగా ఉంది. పైన ఇంకో పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఎవరు చేశారనుకున్నారు, నేనే. సందెవేళ మంచుకి కాయ తడవకుండా కుప్ప చేసి పట్టా కప్పటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కాయ కుప్ప చేశాను, పక్కకి తిరిగాను, దీన్ని కూడా పారతో లాగి కుప్ప చేశాను. పట్టా కనపడితే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బుర్ర కోడలితో మాట్లాడుతోంది.

"మంచు పడుద్దని..." అన్నాను.

"మంచుకి ఇంజను రంగు పోద్దా? తాలుకాయ అయిపోద్దా? యార్డులో రేటు తగ్గుద్దా?"

అని నవ్వటం మొదలుపెట్టాడు. కుర్చీ పట్టుకుని, కళ్ళెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. కల్లంలోకి వచ్చిన ఆడోళ్ళందరినీ పిలిచి చూపించాడు. ఇదిగో, మీ మేస్త్రి ఇంజనుకి జలుబు చేస్తదని దుప్పటి కప్పింది అని. నాకు కోపమొచ్చింది గానీ, ఆ నవ్వు విని చాలా కాలమైంది, కాబట్టి ఊరుకున్నాను.

నవ్వు అయ్యాక ఇద్దరికీ అర్థమైంది, వరస మొత్తం పోయింది. ఏ రాడ్డుకి ఏ క్యాపో తెలియాలి. ఇన్నేళ్ళు కలిసి తిరిగినవి, ఒకదాని జత ఇంకొకదానికి పట్టదు. ఈయన చూపు ఆనదు, వేళ్ళు నిలవవు. అప్పుడు నేను ఒక రాడ్డు తీసుకుని తుడిచి చూస్తే, పక్కన సన్నగా చెక్కినట్టు ఒక గుర్తు. మూడు. క్యాపు ఒకటి తీసి చూస్తే దాని మీద ఒకటి. ఇంకోటి తీస్తే మూడు. అంకెలున్నాయి మావా అన్నాను. ఆయన, ఆ, ఉంటాయి ఉంటాయి, ఫ్యాక్టరీవాడు కొడతాడు అన్నాడు, అది కూడా మర్చిపోయానే అని తనలో తను అనుకుంటూ. ఒక్కొక్కటీ చదివి జతలు కలిపాను. పుల్లలకి మాత్రం గుర్తుల్లేవు. వాటిని అరిగిన తీరు చూసి ఏరాను, కాయ ఏరినట్టే. అందులో ఒకటి రెండు తారుమారై ఉంటాయి, ఉండనీ.

పలక మీద నేర్చుకున్నది ఇంజను మీద చదివాను. ఆ రోజు అన్నం తింటుంటే కూడా నాకు అదే గుర్తొచ్చి ముసిముసిగా నవ్వుకున్నాను.

ఇక కల్లంలో వద్దు, అలవాటు ఎక్కడికి పోద్ది అని, సామాను మొత్తం షెడ్డులోకి మార్చి పాత తలుపు చెక్క మీద పెట్టాను. షెడ్డులో ఒక పక్క మా పత్తి కప్పుదాకా పోసి ఉంది. దుమ్ము లేదు, మంచు లేదు. మంచి పని చేశాననుకున్నాను. రెండో తప్పుకి దారి అక్కడే పడింది, అది నాకు తర్వాతగాని తెలవలా.

బిగించే ముందు ప్రతి ముక్కా పొడిగా తుడవాలి. ఈయన కొట్లో చిక్కుదారం తెప్పించమన్నాడు. మెకానిక్కులు చేతులు తుడుచుకునే నూలు పోగుల ఉండ ఉంటది చూడండి, అది. నాకు నవ్వొచ్చింది. కప్పుదాకా పత్తి పెట్టుకుని కొట్లో దారం కొంటారా ఎవరన్నా? ఇంత పత్తి లాగి, గింజ తీసి, మెత్తగా చేసుకుని తుడవటం మొదలుపెట్టాను. ఈయన చూసి, అది వద్దే, పోగులు వదులుద్ది అన్నాడు. నేను, నూలు మాత్రం దేంతో చేస్తారు, పత్తితోనేగా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. వెనకటి మనిషైతే నా చేతిలో నుంచి లాక్కుని విసిరేసేవాడు. ఇప్పుడు, "ఏమోలే, నాకేం గుర్తుందో ఏం లేదో" అని వదిలేశాడు.

నేను వాదనలో గెలిచాను. గెలిచి, తుడిచాను. దిమ్మలో ఆయిలు పారే సన్న రంధ్రాల్లోకి మిరప దుమ్ము పోకుండా అదే పత్తి వత్తుల్లా చేసి దూర్చాను కూడా. బిగించేటప్పుడు తీసేశాననుకోండి.

పిస్టన్లకి రింగులు ఎక్కించటం నాకు బాగా వచ్చింది. ఒక్కో రింగుకీ చిన్న నోరు ఉంటది. ఆ నోళ్ళు ఒకదాని మీద ఒకటి రాకూడదు, తలా ఒక దిక్కుకి ఉండాలి అన్నాడు ఈయన. నీళ్ళ పంపు దగ్గర మీ ఆడోళ్ళలాగా అందరి నోళ్ళూ ఒకేవైపు తెరిస్తే పొగ ఆగదు అని కూడా అన్నాడు. నేను ఆ మాట విననట్టు ఊరుకున్నాను, రింగులు మాత్రం చెప్పినట్టే తిప్పాను. నూనె డబ్బా రేకు కత్తిరించి, రింగుల చుట్టూ చుట్టి, తీగతో బిగించి, సుత్తి కర్రతో మెల్లగా తడితే పిస్టను లోపలికి జారింది. ఒక్క రింగు విరగలా. మిరప ఘాటు ఉన్న చేతులు నేను తుడుచుకున్న గుడ్డతో ఈయన కళ్ళు తుడుచుకున్నాడు, ఆ పూట పని అక్కడితో ఆపేశాం. తిట్లు మాత్రం ఆపలేదు.

తర్వాత రాడ్లకి క్యాపులు బిగించాను. అన్నీ గట్టిగా బిగించి లేచాను. ఈయన, ఇంజను వెనకున్న పెద్ద చక్రం తిప్పి చూడు అన్నాడు. తిప్పాను. కదల్లా. ఇంకా గట్టిగా పట్టాను. కదల్లా.

ఎన్ని బిగించాక తిప్పి చూశావని అడిగాడు. అన్నీ బిగించాకే అన్నాను. ఒక్కోటి బిగించగానే తిప్పాలి, అప్పుడు తప్పు ఎక్కడుందో అక్కడే దొరుకుద్ది, ఇప్పుడు మొదటి నుంచీ విప్పు అన్నాడు. పలక మీద తప్పయితే చీర కొంగుతో తుడుచుకోవచ్చు. ఇక్కడ అట్లా కుదరదు. ఒక్కోటి వదులు చేస్తూ తిప్పుకుంటూ వస్తే, రెండో నంబరు దగ్గర చక్రం ఇట్టే తిరిగింది. క్యాపు మీద అంకె రాడ్డు మీది అంకెకి ఎదురు పక్కన ఉంది. బిగించేటప్పుడు నేనే తిరగేసి పెట్టాను. అంకె చదవటం వచ్చింది గానీ అది ఏ పక్కనుందో చూట్టం రాలేదా అన్నాడు ఈయన.

నాకు సిగ్గేసింది. తప్పుకి కాదు. కోతల్లో నా కూలీలకి ప్రతిరోజూ చెప్పే మాట ఒకటుంది. సాలు అవగానే వెనక్కి తిరిగి చూడండి, చేను మొత్తం అయ్యాక చూస్తే మిగిలిన కాయ ఏ చెట్టుదో మీకే తెలవదు అని. అది వాళ్ళకి చెప్పేదాన్ని, ఇంజను దగ్గర నేను చెయ్యలా. ఆ తర్వాత ఏ బోల్టు బిగించినా ఒకసారి తిప్పి చూడకుండా రెండోదాని మీద చెయ్యి వెయ్యలేదు. ఇప్పుడు కుక్కరు మూత పెట్టినా ఒకసారి కదిపి చూస్తాను.

ఆయిలు పంపు, దాని జల్లెడ, కింద ఆయిలు ఉండే తొట్టి, పైన మూతలా కూర్చునే హెడ్డు, అన్నీ ఆయన చెప్పటం, నేను బిగించటం. చెప్పేటప్పుడు మధ్యమధ్యలో ఆగి, ఇది ముందా, అది ముందా అని తలపట్టుకునేవాడు. నేను తొందరపెట్టలా. కాస్త ఆగితే మాట వచ్చేది.

ఇంజను కార్లోకి ఎక్కించే రోజు నా కొడుకు తనే వచ్చాడు. మూడు వాసాలు నిలబెట్టి, చైను కప్పీ కట్టి, ట్రాక్టరు వాళ్ళని సాయం పిలిచి దింపాడు. ఒక్క మాట వెటకారంగా అనలా. పక్కింటావిడ చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. మేం ప్రార్థన చేసుకున్నాం. రెండూ ఉండనివ్వండి, డీజిలు బండికి ఎంత సాయమైనా తక్కువే అన్నాడు ఈయన.

ట్రాక్టరు బ్యాటరీ తగిలించి నేనే సీట్లో కూర్చుని తాళం తిప్పాను. కాసేపు గురగురమంది. దగ్గింది. తర్వాత ఒక్కసారిగా అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి, పిల్లలు చెవులు మూసుకుని గెంతారు. నా కొడుకు నవ్వాడు. ఈయన కర్ర మీద ఆనుకుని చెవి ఇంజను వైపు పెట్టి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడవలా, అంతమంది ముందు ఎందుకని.

కళ్ళు తెరవకుండానే ఆయన, "ఆయిలు ముల్లు ఎక్కడుందే?" అన్నాడు.

నా ఎదురుగా ఉన్న మీటర్లో ముల్లు బాగానే లేచింది ఇందాక. ఇప్పుడు చూస్తుండగానే, పొద్దు వాలినట్టు, మెల్లగా కిందికి దిగుతోంది.

"పడిపోతోంది మావా."

"ఆపెయ్."

ఆపేశాను. ఇంజనుకి ఆయిలు అందకపోతే లోపల అన్నీ రాసుకుని కాలిపోతాయి. ఆ సంగతి నాక్కూడా తెలిసిపోయింది అప్పటికి. జనం మెల్లగా జారుకున్నారు. ఈయన లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, పంపు నేనే తప్పు చెప్పి ఉంటాను అన్నాడు. పంపుకి అడుగున పెట్టే ప్యాకింగు అట్ట ఎటు పెట్టమన్నానో కూడా గుర్తులేదు, నా బుర్ర నమ్ముకుని నిన్ను ఇన్నాళ్ళు మట్టిలో కూర్చోబెట్టాను, ఇనప కొట్టువాణ్ణి పిలవమను అన్నాడు. నా కొడుకు గుమ్మంలో నిలబడి విన్నాడు. బయట కల్లంలో కాయ గోతాలకి ఎత్తుతున్నారు. లారీ వచ్చే వేళ దగ్గరపడింది.

పొద్దున కాఫీ తాగకుండా, కారు ముందు చక్రాలు రాళ్ళ మీదకి ఎక్కించమని కొడుక్కి చెప్పి, గోతం పరుచుకుని కిందకి దూరాను. ఈ వయసులో కారు కింద పడుకోటం చూసి మా కోడలు నోరు నొక్కుకుంది. ఆయిలు దించి, తొట్టి బోల్టులు ఒక్కోటి తీసి, తొట్టి కిందికి జారవిడిచాను. పైన పంపుకి తగిలించిన జల్లెడ కనపడింది. దాని మొహం నిండా ఏదో నల్లటి బొంత. మొదట ఎలకేమో అనుకున్నాను. వేలు పెట్టి లాగితే సాగింది. పొడుగ్గా, మెత్తగా, విడకుండా సాగింది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఈ చేతులకి ఆ పోగు తెలవదా? విత్తనం వేసింది మేం, కలుపు తీసింది మేం, గుల్ల నుంచి లాగింది నేను. మా పత్తే.

రంధ్రాల్లో, మూలల్లో, గరుకుగా ఉన్నచోట అంటుకుని ఉన్న పోగులన్నీ ఆయిలుతో పాటు దిగివచ్చి జల్లెడకి అడ్డం పడ్డాయి.

దాన్ని కంచెలోకి విసిరేసి, జల్లెడకి మట్టి పట్టింది, అంతే అని చెప్పొచ్చు. ఎవరు చూశారు గనక. కానీ అట్లా చెప్తే ఆయన తన తప్పేమోనన్న అనుమానంతోనే ఉండిపోతాడు. ఆ నల్ల ముద్ద అరచేతిలో పెట్టుకుని, మోచేతుల దాకా ఆయిలు కారుతుంటే, లోపలికి పోయి ఆయన ముందు చెయ్యి చాపాను.

"ముల్లు పడగొట్టింది ఇదే. చూడు."

లేచి కూర్చుని, వణికే వేళ్ళతో తాకి చూశాడు. "పత్తి" అన్నాడు.

"మన పత్తే. నువ్వు వద్దన్నావు. పోగులు వదులుద్ది అన్నావు. నేను వినలా."

"నేనన్నానా?"

"అన్నావు. చిక్కుదారం తెప్పించమన్నావు. రింగులు ఎక్కించక ముందే అన్నావు. పంపు నువ్వు చెప్పినట్టే ఉంది, ప్యాకింగు నువ్వు చెప్పినట్టే ఉంది, ఇప్పుడే చూసొచ్చాను. నీ బుర్ర ఎక్కడా తప్పలా. నా చెయ్యే తప్పింది."

పోగులు వదులుద్ది అన్నానా అని తనలో తనే మళ్ళీ అనుకున్నాడు. గుర్తొచ్చిందో లేదో నాకు తెలవదు. నా మొహం చూసి నమ్మాడు. నేను అబద్ధం ఆడనని ఆయనకి తెలుసు, ఆ ఒక్క గుణానికే సగం ఊరు నాకు దూరం.

"నిన్ను కట్టుకున్న కాణ్ణుంచీ నువ్వెప్పుడు నా మాట విన్నావు గనక" అన్నాడు చివరికి. అని, చెప్పులు ఇటు తోయమన్నాడు.

నేను చాలా వాదనలు గెలిచిన మనిషిని. కౌలు దగ్గర, కూలి దగ్గర, చర్చి పెద్దల దగ్గర కూడా గెలిచాను. అవేవీ ఇప్పుడు గుర్తు లేవు. ఆ రోజు ఓడిపోయింది మాత్రం ఎవరన్నా అడిగితే ముందు అదే చెప్తాను. తప్పు నాది అని చెప్పటానికి నాకు ఎప్పుడూ నోరు రాదు. ఆ పొద్దున ఎంత సులువుగా వచ్చిందంటే, ఇంకో రెండు తప్పులున్నా ఒప్పుకునేదాన్ని.

ఆ తర్వాత ఆయన కుర్చీ కారు పక్కనే వేయించుకున్నాడు. ఇక ముందా, వెనకా అని తడుముకోలేదు. బాగా ఉతికిన పాత పంచె చించమన్నాడు. చించాను. రంధ్రాల్లోకి డీజిలు కొట్టి, టైరు పంపుతో గాలి ఊది, తెల్లగుడ్డ పెట్టి చూపించమన్నాడు. పోగు కనపడితే మళ్ళీ కొట్టమన్నాడు. కాసేపే ఆడింది గనక లోపల ఏమీ కాలి ఉండదు, అయినా ఒక క్యాపు విప్పి బేరింగు చూపించు అన్నాడు. చూపించాను. అద్దంలా ఉంది. బిగించి, తిప్పి, బిగించి, తిప్పి, జల్లెడ కడిగి, తొట్టి ఎక్కించాను. ప్రతి పనికీ ఆయన చెప్పేదాకా ఆగాను. కారు కింద పడుకోటం కంటే అదే కష్టమైంది నాకు, ఎదురు చెప్పకుండా ఉండటం.

కాయ గోతాలు లారీ ఎక్కక ముందే రెండోసారి మోగించాం, ఆ రోజు జనాన్ని పిలవలేదు. మేం ముగ్గురమే. ముల్లు లేచింది. లేచి అక్కడే నిలబడింది. ఇంజను వేడెక్కిందాకా చూశాం. కాఫీ తెచ్చుకుని తాగుతూ చూశాం. ముల్లు కదల్లా. నా కొడుకు ఇంజను ఆపి, తాళం తీసి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. ఇనప కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. పత్తికి షెడ్డు పక్కన ఇంకో రేకుల పంచ దించుదాంలే అన్నాడు అంతే.

ఆ ఆదివారం ప్రార్థనకి కార్లో పోయాం. చేతులు బాగోక ఈయన నడపలేదు, కొడుకు నడిపాడు. ఈయన ముందు సీట్లో, నేను వెనక. చర్చి ముందు దిగుతుంటే పెద్దమనుషులు చుట్టూ చేరి, ఈ వయసులో భలే బిగించావయ్యా అని ఈయన భుజం తట్టారు. ఈయన, "నేను కుర్చీలో కూర్చుని అరిచాను. బిగించింది మా ఆవిడ" అన్నాడు. వాళ్ళు పెద్ద జోకు విన్నట్టు నవ్వారు. ఈయన నవ్వలా. మళ్ళీ అదే మాట అన్నాడు, కాస్త గట్టిగా. నేను తల ఎత్తుకుని నిలబడ్డాను. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు, దాచుకోలేదు కూడా.

తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి పొదిలి దాకా తిప్పుదామన్నాడు కొడుకు. రోడ్డుకి రెండు పక్కలా కోతలైపోయిన పత్తి మోళ్ళు. కిటికీ దించుకుని గాలి పీలుస్తూ పోతున్నాం. ఉన్నట్టుండి ఈయన చెయ్యెత్తాడు.

"ఆపురా."

వాడు ఏంది నాన్నా అన్నాడు. ఫ్యాను బెల్టు వదులైంది, సన్నగా కీచుమంటోంది అన్నాడు ఈయన. వాడు చెవి పెట్టి విన్నాడు, నాకేం వినపళ్ళేదన్నాడు. నాకూ వినపళ్ళేదు. వెనకటి రోజుల్లో అయితే, అంటే పోయిన నెల దాకా, ఈయన ఏమోలే, నాకే అట్లా అనిపించిందేమో అని ఊరుకునేవాడు.

"నీకు వినపడకపోతే నాకు వినపడింది. పక్కకి తీసి ఆపు" అన్నాడు.

వాడు ఆపాడు. బానెట్టు లేపి నేను బెల్టు మీద వేలుతో నొక్కి చూశాను. బెత్తెడు లోపలికి పోయింది. కొత్తగా వేసిన బెల్టు గదా, సాగింది. ఆయన కార్లోంచి దిగలేదు, అడగలేదు, తల తిప్పి చూడను కూడా లేదు. కుడి పక్క కింద బోల్టు వదులు చేసి డైనమోని బయటికి లాగి పట్టుకో, మరీ బిగించొద్దు, బొటనవేలంత ఆట ఉండాలి అని కిటికీలోంచి చెప్పాడు.

కొడుకు దిగి వచ్చి పానా అందుకోబోయాడు.

నువ్వు డైనమో లాగి పట్టుకోరా చాలు, బిగించేది నేను అన్నాను. బిగించాక ఒకసారి తిప్పి చూశాను. బొటనవేలంత ఆట, సరిగ్గా.